దెబ్బ తగిలిన జింకను ఎంతసేపు వెతకాలి? మా లీజు గ్రూపులో తేలని విషయం

లానో_రవి (ఆస్టిన్, టెక్సాస్)

అందరికీ నమస్తే. మేం ఆరుగురం కలిసి లానో కౌంటీలో ఒక డీర్ లీజు (జింకల వేట కోసం అద్దెకిచ్చే భూమి) తీసుకున్నాం. అందరం తెలుగువాళ్ళమే, ఇద్దరికి తప్ప మిగతావాళ్ళకి వేట కొత్త. హంటర్ ఎడ్యుకేషన్ అయిపోయింది (ఇక్కడ 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి), లైసెన్సులు చేతికొచ్చాయి, నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది. ఈలోగా మాలో మేం కొన్ని నియమాలు రాసుకుందామని కూర్చున్నాం. ఎవరు ఏ మంచె మీద కూర్చోవాలి, గేట్లు ఎవరు చూసుకోవాలి, మాంసం ఎలా పంచుకోవాలి, మందు పూర్తిగా బంద్, ఇవన్నీ చిటికెలో తేలిపోయాయి. ఒక్క దగ్గర మాత్రం బండి ఆగింది.

తూటా తగిలింది, జింక పరిగెత్తి పొదల్లోకి పోయింది, కనిపించట్లేదు. ఎంతసేపు వెతకాలి? మాలో ఒకాయన గంట వెతికి దొరక్కపోతే వదిలేద్దాం, నక్కల్లాంటి కొయోట్‌లు తింటాయి, అడవిలో ఏదీ వృథా పోదు అంటున్నాడు. ఇంకొకాయన అది దొరికేదాకా ఆ రోజు ఎవరూ ఇంకో జింక మీద తుపాకీ ఎత్తకూడదు అంటున్నాడు. చట్టం చూశాను. కొట్టిన జంతువును తెచ్చుకోవడానికి తగిన ప్రయత్నం చేయాలి, దాన్ని నీ కోటాలో లెక్క వేసుకోవాలి, తెలిసి తెలిసి వదిలేస్తే నేరం అని టెక్సాస్ చట్టం చెబుతోంది. కానీ తగిన ప్రయత్నం అంటే ఎన్ని గంటలో రాయలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, మాకు ఇది నిజంగా ముఖ్యం.

మంచెమామ (మాడిసన్, విస్కాన్సిన్)

రవీ, సీజన్‌కి ముందే ఈ మాట ఎత్తారంటే సగం పని అయినట్టే. చాలా గ్రూపుల్లో జింక పారిపోయాక, చీకటి పడ్డాక, అందరూ అలిసిపోయి ఆకలి మీద ఉన్నప్పుడు ఈ గొడవ మొదలవుతుంది. అప్పుడు ఎవడూ సరిగ్గా ఆలోచించడు.

ముందు ఒక సంగతి. ఎంతసేపు వెతకాలి అని అడిగే ముందు ఎంతసేపు ఆగాలి అని అడగాలి. కొత్తవాళ్ళు చేసేది ఏమిటంటే దెబ్బ తగలగానే మంచె దిగి దాని వెనక పరిగెడతారు. జాలితోనే చేస్తారు, కాదనను, కానీ ఆ జాలే దాని చావును గంటల తరబడి సాగదీస్తుంది. దెబ్బ తిన్న జింకను ఎవరూ తరమకపోతే చాలాసార్లు కొద్ది దూరంలోనే, మొదటి గుబురు దొరగ్గానే పడుకుంటుంది. పడుకున్న చోటే ప్రాణం పోతుంది. నువ్వు వెనకాలే వెళ్ళి లేపావనుకో, భయంతో లేచి మైళ్ళు పోతుంది, గాయం దగ్గర కొవ్వో పేగో అడ్డుపడి నెత్తురు కారడం ఆగిపోతుంది, జాడ తెగిపోతుంది. ఇక అది నీకు దొరకదు, త్వరగా చావనూ చావదు.

అందుకే మొదట జింక నిలబడ్డ చోటికి వెళ్ళి నేల చూడాలి. గులాబి రంగులో నురగతో ఉన్న నెత్తురంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు, మామూలుగా అప్పటికే పడిపోయి ఉంటుంది. ముదురు ఎరుపు, దాదాపు మెరూన్ రంగు అంటే కాలేయం, 4 నుంచి 6 గంటలు కదలకూడదు. నీళ్ళలా పల్చగా ఉండి ఆకుపచ్చ పసరు కలిసి కంపు కొడుతోందంటే పొట్టకు తగిలింది. అన్నిటికంటే బాధాకరమైన దెబ్బ అదే. 8 నుంచి 12 గంటలు ఆగాలి. వెంట్రుకలు కూడా చూడు. తెల్లగా, ముతకగా ఉంటే కడుపు కిందివి. జింక ఎలా కదిలిందో గుర్తుందా? వెనక కాళ్ళు గాల్లోకి తన్ని ఉరికితే గుండె ప్రాంతం, వీపు గూనిలా వంచి మెల్లగా నడిచిపోతే పొట్ట.

మీరు ఉండేది టెక్సాస్, నవంబర్‌లో కూడా ఒక్కోరోజు ఎండ మండుతుంది. పొట్టకు తగిలిన దాన్ని తెల్లవారేదాకా వదిలేస్తే మాంసం పాడవుతుంది. అక్కడే మనిషి సంగతి బయటపడుతుంది. మాంసం కోసం రాత్రే లేపి తరుముతావా, మాంసం పోయినా ఫరవాలేదని దాన్ని ప్రశాంతంగా చావనిస్తావా? నా వరకు రెండోదే. మాంసం పోవడం నా నష్టం, ఆ నష్టం జింక ఒంటి మీద వసూలు చేసుకోను.

పాలపిట్ట (హైదరాబాద్)

ఇదంతా చదువుతుంటే కడుపులో తిప్పుతోంది. నెత్తురు రంగును బట్టి ఎన్ని గంటలు ఆగాలో లెక్కలు వేసుకుంటున్నారు. అసలు కాల్చకపోతే ఈ లెక్కలతో పనేముంది? మీకు ఆకలి బాధ లేదు, కాస్ట్‌కోలో అన్నీ దొరుకుతాయి. వారాంతం సరదా కోసం ఒక ప్రాణిని పొదల్లో 12 గంటలు చావుకోసం ఎదురుచూసేలా చేసి, ఆ తర్వాత బాధ్యత గురించి మాట్లాడటం నాకు మింగుడు పడట్లేదు. నేను గొడవ పెట్టుకోవడానికి రాయలేదు, బాధతో రాస్తున్నాను.

శీను_ఫ్రిస్కో (టెక్సాస్)

రవి చెప్పిన ఆ గంట ఆయన్ని నేనే. నా వైపు కూడా వినండి.

పాలపిట్ట గారూ, కోడికూర తినేవాళ్ళెవరూ ఆ కోడి బతికిన ఆ కొద్ది వారాలూ ఎలా బతికిందో చూడరు. లానో ఉన్న ఈ హిల్ కంట్రీ ప్రాంతంలో వైట్‌టెయిల్ జింకలు విపరీతం, తోడేళ్ళు ఎప్పుడో పోయాయి, మేత చాలక జింకలు చిక్కి సగమవుతాయి. మేం కొట్టే జింక అప్పటిదాకా స్వేచ్ఛగా తిరిగింది. ఇందులో నాకు సిగ్గేం లేదు.

ఇక మామ చెప్పింది. ఆగాలి అన్నది ఒప్పుకుంటా. కానీ మేం డాలస్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తాం, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. శనివారం సాయంత్రం కొట్టింది దొరక్కపోతే ఆదివారం అంతా ఆరుగురూ దాని కోసమే తిరగాలా? అది ఎలాగూ చచ్చిపోయి ఉంటుంది, లేదా బతికిపోయి ఉంటుంది. మనం వెతికినా వెతక్కపోయినా దానికి తేడా ఏమిటి? ఈ ప్రశ్నకి నాకు సూటిగా జవాబు కావాలి.

పశువైద్యం_సుధ (పెన్సిల్వేనియా)

శీను గారూ, తేడా ఏమిటో వైద్యం వైపు నుంచి చెబుతాను. ఛాతీకి సరిగ్గా తగిలిన జంతువుకు మెదడుకు రక్తం అందడం క్షణాల్లో పడిపోతుంది, స్పృహ పోతుంది. పొట్టకు తగిలినప్పుడు అలా కాదు. పేగుల్లో ఉన్నది కడుపులోకి కారి ఇన్ఫెక్షన్ అవుతుంది, దానికి స్పృహ ఉంటుంది, నొప్పి తెలుస్తుంది. కాలు విరిగిందో దవడ పగిలిందో అనుకోండి, ఇంకా దారుణం, ఎందుకంటే అది రోజుల తరబడి బతుకుతుంది. దవడ పోయిన జింక మేయలేక, నీళ్ళు తాగలేక చస్తుంది. తల మీద గురి పెడితే అయితే చస్తుంది లేకపోతే తప్పించుకుంటుంది అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. దవడకు తగిలే సంగతి వాళ్ళు చెప్పరు. మరుసటి ఉదయం మీరు దాన్ని వెతికి పట్టుకుంటే ఆ రోజులన్నీ దానికి తప్పుతాయి. ఎలాగూ చస్తుంది కదా అంటే సరిపోదు, ఎప్పుడు ఎలా చస్తుందన్నది ఆ జింక వరకు చాలా పెద్ద తేడా.

తరమడం గురించి మామగారు చెప్పినదానికి ఇంకో కోణం ఉంది. ఇంగ్లండులో వేటకుక్కలతో ఎర్రజింకలను గంటల తరబడి తరిమి వేటాడేవారు. పాట్రిక్ బేట్‌సన్ అనే జీవశాస్త్రవేత్త ఆ జింకల రక్తం, కండరాలు పరీక్షించి 1997లో నివేదిక ఇచ్చారు. కండరాల్లో శక్తి పూర్తిగా కరిగిపోవడం, ఒత్తిడి హార్మోను విపరీతంగా పెరగడం, కండరాలు దెబ్బతినడం, ఇవన్నీ కనిపించాయి. ఆ నివేదిక తర్వాత నేషనల్ ట్రస్ట్ (అక్కడి పాత కట్టడాలను, భూములను కాపాడే సంస్థ) తన భూముల్లో ఆ వేటను ఆపేసింది. గాయం లేని జింకకే పరుగు అంత చేటు చేస్తే గాయపడిన దాన్ని లేపి లేపి తరమడం ఎంత హింసో ఆలోచించండి.

పాలపిట్ట గారి బాధ నాకు అర్థమవుతుంది. నేను వేటాడను. కానీ వేటాడేవాళ్ళు ఈ విషయాలు తెలుసుకోకుండా వేటాడటం కంటే తెలుసుకుని ఆడటం ఆ జంతువుకు మేలు.

ఇసార్_ఒడ్డు (మ్యూనిక్)

ఇక్కడి పద్ధతి చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. జర్మనీలో వేట లైసెన్సు పరీక్ష చాలా కష్టం. ఆయుధాలు, జంతువుల జీవితం, చట్టం, కుక్కలు, మాంసం శుభ్రత అన్నీ ఉంటాయి, ఫెయిలయ్యేవాళ్ళు చాలామందే. గాయపడిన జంతువుకు తప్పించగలిగిన నొప్పి కలగకుండా వెంటనే దాన్ని చంపాలని ఫెడరల్ వేట చట్టం 22ఏ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంటే వెతకడం వేటగాడి మంచితనానికి వదిలేసిన విషయం కాదు, కట్టుబాటు.

కాల్చగానే ఎవరూ కదలరు. జింక నిలబడిన చోట విరిచిన కొమ్మ గుచ్చి గుర్తు పెడతారు. అక్కడ పడిన వెంట్రుక, ఎముక ముక్క, నెత్తురు చుక్క, ఏదీ కాలితో తొక్కకుండా ఉంచి, నెత్తుటి జాడ పట్టే కుక్కను పిలుస్తారు. హానోవర్ జాతి, బవేరియా కొండ జాతి కుక్కలను ప్రత్యేకంగా ఈ పనికే పెంచుతారు. వాటిని తిప్పేవాళ్ళు ఆ పనిలో ఆరితేరినవాళ్ళు, కాల్చినవాడు కూడా వాళ్ళ మాట వినాల్సిందే. చాలా రాష్ట్రాల్లో గుర్తింపు పొందిన కుక్కల వాళ్ళు పక్కవాడి వేట ప్రాంతంలోకి కూడా జాడ వెంట వెళ్ళవచ్చు. చచ్చిన జింక నోట్లో చిన్న ఆకు కొమ్మ పెట్టి టోపీ తీసి నిలబడతారు. అది బయటివాళ్ళకు తంతులా కనిపించవచ్చు కానీ కాల్చినవాడి చేతులు ఆ కాసేపు ఊరికే ఉంటాయి, ఫోన్ తీసి ఫొటో దిగడు.

ఆత్మకూరు_శేషన్న (నంద్యాల జిల్లా)

నేను అటవీశాఖలో కింది స్థాయిలో పనిచేసి రిటైరయ్యాను, నల్లమలలోనే నా ఉద్యోగం అంతా. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చి, 1991లో దాన్ని సవరించాక వేట అనే మాటే లేదు. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, గాయపరచడం, ఉచ్చు వేయడం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. ఇక్కడ చదివే మన పిల్లలు ఆ సంగతి గుర్తుంచుకోవాలి, అమెరికాలో ట్యాగ్ (ఒక్కో జింకకు ఒక్కో అనుమతి చీటీ) కొనుక్కుని చేసేది ఇక్కడ చేస్తే జైలే.

అయినా గాయపడిన జింకలు మాకు కొరత లేదు. మోటార్ సైకిల్ క్లచ్ వైరు తీసి ఉచ్చు కడతారు. నీటికుంటకు పోయే బాటలో, దుప్పి తల ఎత్తు చూసి, రెండు పొదల మధ్య వేలాడదీస్తారు. మెడకు పడితే కొట్టుకుని చస్తుంది. కాలికి పడితే లాగి లాగి తీగ తెంపుకుని పోతుంది, తీగ మాత్రం కాలికే ఉంటుంది. అది కండలోకి దిగి, చర్మం దాని మీద పెరిగి, చీము పట్టి, గిట్ట ఊడిపోయిన దుప్పిని చూశాను. అది మందతో పాటు నడవాలని చూస్తుంది, మంద ఆగదు. ఉచ్చు వేసినవాడు రెండు రోజుల తర్వాత వచ్చి ఏమీ పడలేదని ఇంకో చోట వేసుకుంటాడు. వాడికి ఆ జింక సంగతి తెలియనే తెలియదు. పొలాలకు పెట్టే కరెంటు తీగల సంగతి చెప్పనే అక్కరలేదు.

బాగుపడే ఆశ లేని జంతువును మా అంతట మేం చంపడానికి కూడా వీల్లేదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వాలి, చట్టంలో 11వ సెక్షన్. ఆ నియమం అవసరమే, లేకపోతే ప్రతివాడూ గాయపడిందని చెప్పి కోసుకు తింటాడు.

నేను చెప్పేదేమంటే రవి బాబూ, మీ దగ్గర కొట్టినవాడెవడో తెలుసు. కొట్టినవాడు వెనక వెళ్ళి చూసే వీలుంది. మా దుప్పులకు ఆ భాగ్యం కూడా లేదు. వీలుండి కూడా వెళ్ళకపోతే ఉచ్చు వేసినవాడికీ మీకూ తేడా ఏముంది?

లానో_రవి

శేషన్న గారూ, మీ పోస్టు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.

సుధ గారూ, మామా, మీ మాటతో ఆగడం గురించి మా గ్రూపు మొత్తం ఒప్పుకుంది. ఇప్పుడు మిగిలినవి రెండు. మా లీజు పెద్దదేం కాదు, తూర్పు కంచె దాటితే వేరే వాళ్ళ రాంచ్ (పశువులు మేపే పొలం). జింక కంచె దూకి అటు పోతే? చెట్ల మీద ఊదారంగు పెయింట్ గీతలున్నాయి, అంటే ఇక్కడ అడుగు పెట్టొద్దని అర్థం. రెండోది కుక్కలు. ఇక్కడ ఎవరినైనా పిలవచ్చా?

మంచెమామ

కంచె దాటకు. నెత్తుటి జాడ కళ్ళ ముందు కనిపిస్తున్నా, జింక అవతల పడి ఉన్నా, యజమాని అనుమతి లేకుండా అడుగు పెడితే ట్రెస్‌పాస్. తుపాకీతో ఉంటే ఇంకా పెద్ద కేసు. వేట చట్టాలు అమలు చేసే గేమ్ వార్డెన్‌కు ఫోన్ చేస్తే ఆయన యజమానితో మాట్లాడి చూస్తాడు, యజమాని కాదంటే ఆయన కూడా బలవంతం చేయలేడు. అందుకే ఇది ఇప్పుడే, సీజన్‌కి ముందే తేల్చుకోవాల్సిన పని. పక్క రాంచ్ వాళ్ళింటికి మీరే వెళ్ళి, పేర్లు చెప్పుకుని, ఇలా జరిగితే ఏం చేయమంటారో అడగండి. తూర్పు కంచెకు దగ్గరగా మంచె ఉంటే దాన్ని లోపలికి జరపండి. కంచె వైపు మేస్తున్న జింకను కొట్టకండి, అది పరిగెత్తేది అటే.

కుక్కల గురించి. చాలా రాష్ట్రాల్లో ఇప్పుడు పట్టీ కట్టిన కుక్కతో వెతకడం చట్టబద్ధం. టెక్సాస్‌లో కొన్ని కౌంటీలకు వేరే నిబంధనలు ఉంటాయి, మీ కౌంటీది చూసుకో. ముఖ్యమైన విషయం, కుక్కను పిలవాలనుకుంటే ముందే పిలవాలి. ఆరుగురు ఆ నేలంతా తొక్కి, బూట్లకు నెత్తురు అంటించుకుని నలుదిక్కులా తిరిగి, దొరక్కపోతే అప్పుడు ఫోన్ చేస్తారు. అప్పటికి ఆ నెత్తుటి వాసన మీరే అడవంతా పులిమేసి ఉంటారు. శిక్షణ ఉన్న కుక్క నెత్తురు వాసనే కాదు, గిట్టల మధ్య గ్రంథి నుంచి వచ్చే ఆ ఒక్క జింక వాసన కూడా పట్టుకుంటుంది. నెత్తురు ఒక్క చుక్క లేకపోయినా పోగలదు. చివరి నెత్తురు కనిపించిన చోట రంగు టేపు కట్టి, వెనక్కి వచ్చి కూర్చోండి. చీకట్లో వంగి ఆకు ఆకూ తిప్పుతూ నడవాల్సి వస్తే జాడ పక్కనుంచి నడవండి, జాడ మీద కాదు.

దొరికాక కూడా ఒక జాగ్రత్త. వెనక వైపు నుంచి వెళ్ళాలి. కళ్ళు మూసి ఉంటే ఇంకా ప్రాణం ఉందని అనుమానించాలి, చచ్చిన జింక కళ్ళు తెరిచే ఉంటాయి. పొడవాటి పుల్లతో కంటి గుడ్డును తాకితే రెప్ప కదలకూడదు. కదిలిందంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా పని పూర్తి చేయాలి. మీ దగ్గర సూర్యాస్తమయం తర్వాత అరగంటతో వేట వేళ అయిపోతుంది, ఆ తర్వాత తుపాకీ పేల్చాల్సి వస్తే ముందు వార్డెన్‌కు ఫోన్ చెయ్యి. దీనికంటే మంచిది ఆఖరి వెలుగులో కాల్చకపోవడమే. గంట ముందే ఆ రోజుకు చాలు అనుకుని తుపాకీ పక్కన పెట్టేవాడికి చీకట్లో వెతుకులాట ఉండదు.

పశువైద్యం_సుధ

కుక్కల గురించి ఒక్క మాట కలుపుతాను. మా పెన్సిల్వేనియాలో 2018 దాకా కుక్కతో గాయపడిన జింకను వెతకడం చట్టవిరుద్ధం. మంచి ఉద్దేశంతో పెట్టిన నిషేధం, కుక్కలతో వేటాడతారన్న భయం. కానీ నష్టపోయింది పొదల్లో పడి ఉన్న జింకలే. ఇప్పుడు డ్రోన్ల దగ్గర అదే వాదన నడుస్తోంది. మిషిగన్‌లో డ్రోన్‌తో వెతకడానికి చట్టం ఒప్పుకోదు, దాని మీద కోర్టుకు కూడా వెళ్ళారు. నా అభిప్రాయం అడిగితే జింక కాల్చబడ్డాక, తుపాకులు లోపల పెట్టాక, వేడిని చూసే కెమెరాతో వెతికితే తప్పేమీ లేదు. కాల్చక ముందు వాడితే మాత్రం తప్పే.

శీను_ఫ్రిస్కో

సుధ గారూ, నా ప్రశ్నకు మీరు సూటిగా జవాబిచ్చారు, థ్యాంక్స్. గంట మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ రవి ఇంకో రూలు ప్రతిపాదించాడు, అది మాత్రం నాకు నచ్చలేదు. దొరకని జింకకు కూడా ట్యాగ్ చెల్లినట్టే లెక్క, అంటే ఎవరైనా కొట్టి పోగొట్టుకుంటే వాళ్ళ వేట నుంచి ఒక జింక తగ్గించుకోవాలి. ఆ జింక చచ్చిందని ఎవరికి తెలుసు? గీరుకుని పోయి ఉండొచ్చు. పాత బాణం ముల్లు భుజంలో ఇరుక్కుని, చుట్టూ కండ పెరిగి, ఏళ్ళు బతికిన జింకలను కూడా చూసినవాళ్ళున్నారు. లైసెన్సుతో వైట్‌టెయిల్ ట్యాగులు 5 వస్తాయి, ఇంటికి తెచ్చింది లేకుండా ఒకటి చింపేసుకోవాలా? పైగా అలాంటి రూలు పెడితే కొత్తవాళ్ళు తగిలినా తగల్లేదని అబద్ధం చెబుతారు. అది ఇంకా ప్రమాదం. ఎవరూ వెతకనే వెతకరు.

ఇసార్_ఒడ్డు

అబద్ధాల గురించి మీరన్నది నిజమే, ఆలోచించాల్సిన విషయం. అయితే దక్షిణాఫ్రికా, నమీబియాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి చూడండి. నెత్తుటి చుక్క పడిందా, జంతువు దొరికినా దొరక్కపోయినా పూర్తి డబ్బు కట్టాల్సిందే. అక్కడ జాడ పట్టే మనిషి పక్కనే ఉంటాడు కాబట్టి అబద్ధం చెల్లదు. దాని ఫలితం ఏమిటంటే వేటగాడు అనుమానం ఉన్న దూరం నుంచి కాల్చడు. మీ గ్రూపులో కూడా ఎవరూ ఒంటరిగా వెళ్ళి చూసుకోకుండా, ప్రతి తూటాకీ ఇంకొకరు వచ్చి నేల చూడాలని పెట్టుకుంటే ఆ భయం తీరుతుంది.

మంచెమామ

శీనూ, అంకె ఒకటి చెబుతాను. మేరీలాండ్‌లో నేవీ స్థావరం ఒకదానిలో 1989 నుంచి 2006 దాకా విల్లుతో వేటాడినవాళ్ళ లెక్కలన్నీ రాసిపెట్టారు. తగిలినవి 908, దొరికినవి 746. నూటికి దాదాపు 18 దొరకలేదు. వాళ్ళు ఊరికే వచ్చినవాళ్ళు కాదు, గురి పరీక్ష పాసైతేనే లోపలికి రానిచ్చేవారు. దొరకనివన్నీ చచ్చాయని నేను అనను. కానీ ఇన్ని జింకలను ఎవరి ఖాతాలోనూ వేయకుండా వదిలేయడం సరికాదు. మీ రాష్ట్ర చట్టమే కోటాలో కలుపుకోమంటోంది కదా.

ఇంకోటి, ఎవరూ మాట్లాడనిది. సీసం తూటా లోపల చిన్న చిన్న ముక్కలైపోతుంది. దొరకని జింకను గద్దలు, రాబందులు తింటే ఆ సీసం వాటి ఒంట్లోకి పోతుంది. కాలిఫోర్నియాలో కాండోర్ రాబందులు అలాగే చస్తుంటే 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా నిషేధించారు. అడవిలో ఏదీ వృథా పోదు అన్నావే, పోదు నిజమే, ఆ విషం కూడా పోదు. రాగి తూటాలు కొనుక్కోండి, ఖరీదు కొంచెం ఎక్కువ.

అన్నిటికంటే ముందు కాల్చకుండా ఉండటం నేర్చుకోవాలి. జింక పక్కకు నిలబడిందా, కొంచెం అవతలికి తిరిగి ఉందా, అప్పుడే. ఎదురుగా చూస్తుంటే వద్దు, పరిగెడుతుంటే వద్దు, ముందు కొమ్మ ఉంటే వద్దు. విల్లు పట్టేవాళ్ళకు ఇంకా కఠినం. 40 గజాలంటే 120 అడుగులు, సెకనుకు 300 అడుగులు పోయే బాణానికి 0.4 సెకను పడుతుంది. నారి చప్పుడు మాత్రం 0.1 సెకనులోనే దాని చెవిలో పడుతుంది. ఆ మధ్య టైములో జింక ఎగరడానికి కాళ్ళు మడిచి కిందికి వంగుతుంది, గుండెకు పెట్టిన గురి వీపు మీద పడుతుంది. నీ గురి తప్పు కాదు, దూరం తప్పు. అన్నం తినే పేపర్ ప్లేటు గోడకు పెట్టి, ఎంత దూరం నుంచి ఒక్కటీ బయటికి పోకుండా కొట్టగలవో అదే నీ దూరం, అడవిలో దానికంటే తక్కువ వేసుకో. చప్పుడు విని బాణం వేసిన దశరథుడి కథ మనవాళ్ళందరికీ తెలుసు, అయినా ఆకు కదిలితే కాల్చేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఎడిసన్_లక్ష్మి (న్యూజెర్సీ)

వేట కాదు గానీ సంబంధం ఉన్న ప్రశ్న. నవంబర్‌లో రాత్రి మా కారుకు జింక అడ్డం పడింది, రోడ్డు పక్కన కొట్టుకుంటూ ఉండిపోయింది. దగ్గరికి వెళ్ళాలా వద్దా తెలియక 911కి ఫోన్ చేశాం. పోలీసు వచ్చి చూసుకున్నారు. వేరే ఏమైనా చేయాల్సిందా?

పశువైద్యం_సుధ

మీరు చేసిందే సరైనది. దగ్గరికి వెళ్తే గిట్టలతో తన్నుతుంది, పైగా మనిషి దగ్గరకు వస్తేనే దానికి ప్రాణభయం రెట్టింపవుతుంది. లైట్లు తగ్గించి, హారన్ కొట్టకుండా, దూరంగా ఉండి ఫోన్ చేయడమే.

ఇండియాలో ఉన్నవాళ్ళకు కూడా ఇది చెబుతాను. గచ్చిబౌలి వైపు యూనివర్సిటీ క్యాంపస్ నుంచి దుప్పులు కాలనీల్లోకి వస్తుంటాయి, వీధికుక్కలు తరుముతాయి. జనం జాలిపడి పట్టుకుని, తాళ్ళతో కట్టి, నీళ్ళు నోట్లో పోసి, చుట్టూ చేరి వీడియోలు తీస్తారు. జింక జాతికి ఆ భయమే ప్రాణాంతకం. విపరీతంగా పెనుగులాడినప్పుడు కండరాలు లోపల విరిగి ఆ విషం కిడ్నీలను పాడుచేస్తుంది, గాయం చిన్నదే అయినా ఒకటి రెండు రోజుల తర్వాత చచ్చిపోతుంది. మీరు చేయగలిగిందల్లా కుక్కలను తోలేయడం, జనాన్ని దూరం పంపడం, కదలలేని స్థితిలో ఉంటే ఒక గుడ్డ కళ్ళ మీద కప్పడం, అటవీశాఖకు ఫోన్ చేయడం.

పాలపిట్ట

ఈ థ్రెడ్ మొత్తం చదివాను. నా అభిప్రాయం మారలేదు, వేట నాకు సమ్మతం కాదు. కానీ శేషన్న గారు చెప్పిన ఆ తీగ ఉన్న దుప్పి నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. మా క్యాంపస్ దగ్గర వాలంటీర్లు ఉన్నారు, సుధ గారు చెప్పినవి తెలుగులో ఒక పేజీ రాసి వాచ్‌మెన్‌లకు ఇద్దామనుకుంటున్నాను. మీ మాటలు వాడుకోవచ్చా?

పశువైద్యం_సుధ

తప్పకుండా వాడుకోండి. రాశాక నాకు పంపండి, ఒకసారి చూసిస్తాను.

లానో_రవి

నిన్న రాత్రి మళ్ళీ కూర్చున్నాం. మా నియమాలు ఇలా వచ్చాయి. తూటా పేలితే, తగిలినా తగల్లేదనిపించినా, ఇంకొకరు వచ్చి నేల చూసేదాకా కాల్చినవాళ్ళు మంచె దిగి నడవకూడదు. ఎంతసేపు ఆగాలన్నది నెత్తురు చూసి నిర్ణయం, తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. దొరికేదాకా, లేదా మరుసటి రోజు చీకటి పడేదాకా కాల్చినవాళ్ళు ఇంకో జింక మీద గురి పెట్టరు, మిగతావాళ్ళలో ఇద్దరు వాళ్ళతో వెళ్ళాలి. పొద్దు వాలాక ఆఖరి అరగంటలో ఎవరూ కాల్చరు. ఆదివారం తిరుగు ప్రయాణం ఉన్నవాళ్ళు సోమవారం సెలవు పెట్టుకోలేకపోతే ఆదివారం అసలు తుపాకీ తీయరు, ఇది శీను చెప్పిందే. ట్యాగ్ సంగతి నలుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.

శీను_ఫ్రిస్కో

ఆ ఇద్దరిలో నేనొకణ్ణి, ఇంకా కాదనే అంటున్నా. కానీ గ్రూపు నిర్ణయం కాబట్టి పాటిస్తా. గీరుకుపోయిన తెల్ల వెంట్రుకలు తప్ప నెత్తురు లేని చోట దీన్ని మళ్ళీ మాట్లాడుకోవాలి.

పక్క రాంచ్ పెద్దాయనను ఈ ఉదయం కలిశాను. మొదట గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు, మేం వచ్చిన కారణం చెప్పాక లోపలికి రమ్మన్నారు. రాత్రయినా ఫోన్ చేయమన్నారు. తుపాకీ ఇవతలే వదిలేసి రావాలి, ఆయనో ఆయన కొడుకో వెంట ఉండాలి, ఆవులు ఈనే పొలం వైపు మాత్రం కుక్కను తేకూడదు. ఇవి ఆయన షరతులు. నంబరు గ్రూపులో పెట్టాను. మామా, ఆవులున్న వైపు పోతే కుక్క లేకుండా ఎలా వెతకాలి?

మంచెమామ

చివరి నెత్తురు చుక్క నుంచి మొదలుపెట్టి, మనిషికీ మనిషికీ పది అడుగుల ఎడంతో వరసగా నిలబడి మెల్లగా నడవండి. పొట్టకు తగిలిందనిపిస్తే ముందు నీళ్ళున్న వైపు చూడండి. స్టాక్ ట్యాంక్ (పశువులు నీళ్ళు తాగే కుంట) గట్లు, వాగు పల్లాలు. ప్రతి రెండు అడుగులకూ ఆగి వెనక్కి కూడా చూడాలి, ముందుకు పోతూ చూసినప్పుడు కనిపించని చెవి వెనక్కి తిరిగితే కనిపిస్తుంది. ఆ పెద్దాయనను పిలిచేటప్పుడు ఆవులు ఆ రోజు ఎక్కడున్నాయో కూడా అడుగు.